హమ్‌బకరే మోత పెడుతుంటే: గిటార్ పికప్ ఎంపిక, వైరింగ్ వెనక ఉన్న లెక్క

కిందటేడాది దసరాకి ముందు ఓ కుర్రాడు గిటార్ సంచి భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు. విజయనగరంలోనే డిగ్రీ చదువుతున్నాడు. ఆదివారాలు చర్చిలో వాయిస్తాడు, పండగల సీజన్‌లో ఆర్కెస్ట్రాతో ఊళ్లు తిరుగుతాడు. సంచి కింద పెట్టకుండానే మొదలుపెట్టాడు. "ఏటన్నా ఇది? మోత పోతుందని హమ్‌బకర్లు వేస్తే ముందున్న సింగిల్ కాయిలే నయం అనిపిస్తోంది."

గిటార్ తీగల కింద ఉండి శబ్దాన్ని పట్టేది పికప్. అందులో ఒకే కాయిల్ ఉంటే సింగిల్ కాయిల్, కరెంటు మోత పోయేలా రెండు కాయిళ్లు కలిపితే హమ్‌బకర్. ప్లగ్ పెట్టి విన్నాను. నెక్ (వేళ్లతో నొక్కే మెడ) దగ్గరున్న పికప్ బాగానే ఉంది. స్విచ్ బ్రిడ్జ్ (తీగలు ఆనుకునే అడుగు కొస) వైపు తిప్పితే రేకు డబ్బాని గోటితో గీరినట్టు పీల శబ్దం. బేస్ లేదు, బలం లేదు. వెనక గుయ్‌మని ఒకటే మోత. రెండు పికప్‌లూ కొత్తవి, వేర్వేరు కంపెనీలవి, ఆన్‌లైన్‌లో కొన్నాడు. సోల్డరింగ్ తనే చేసుకున్నాడు, శుభ్రంగా చేశాడు కూడా. వెనక ప్లేటు విప్పి చూస్తే ఒక్క వైరు కూడా ఊడి లేదు. రెండు పికప్‌లకీ ఒకే వైర్ల రంగుల చార్ట్ చూసి కనెక్షన్ ఇచ్చాడు. తప్పంతా అక్కడే ఉంది. ఆ తప్పు ఎందుకు ఆ రకంగా వినిపించిందో అర్థమైతే హమ్‌బకర్ మొత్తం అర్థమైనట్టే. అందుకే దాన్నే పట్టుకుని చెబుతాను.

కాయిల్‌కి ఏం వినిపిస్తుంది

పికప్ అంటే ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, దాంతో కాయిల్‌లో చిన్న వోల్టేజీ పుడుతుంది. ఆ వోల్టేజీనే యాంప్ పెద్దది చేస్తుంది. ఇందులో గాలికి పనిలేదు, చెక్క గుల్లకి పనిలేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మానుతో చేసే వీణకి కుండ లేకపోతే నాదమే లేదు. ఎలక్ట్రిక్ గిటార్‌కి ఆ కుండ చేసే పని పికప్, యాంప్ కలిసి చేస్తాయి. వీణ వాయించే ఒకాయన నన్ను అడిగారు, గిటార్ పికప్ వీణకి పెట్టొచ్చా అని. ఉక్కు తీగ వరకూ వినిపిస్తుంది, ఇత్తడి తీగ వచ్చేసరికి మూగబోతుంది. ఇత్తడిని అయస్కాంతం పట్టించుకోదు కదా. వీణకి చెక్క కంపనాన్ని పట్టే కాంటాక్ట్ పికప్పే సరైనది.

కాయిల్‌తో ఉన్న చిక్కు ఏమిటంటే, దానికి తీగ కదలికా, కరెంటు మోతా వేర్వేరుగా తెలియవు. మన ఇళ్లలో కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్, మోటారు, ట్యూబ్‌లైట్ చోక్, ఆఖరికి యాంప్ లోపలున్న ట్రాన్స్‌ఫార్మర్ కూడా తన చుట్టూ ఆ ఊగే క్షేత్రాన్ని చిమ్ముతూ ఉంటుంది. కాయిల్ దాన్ని కూడా పట్టేసి 50, 100, 150 హెర్ట్జ్ మోతగా యాంప్‌కి పంపిస్తుంది. మన వైపు స్టేజీలు ఎలా ఉంటాయో తెలిసిందే. పక్కన జనరేటర్, నెత్తిమీద సీరియల్ సెట్లు, కాళ్ల కింద నుంచి మైకు సెట్ వైర్లు. సింగిల్ కాయిల్ గిటార్‌కి అంతకంటే కష్టమైన చోటు ఉండదు.

దీనికి గిబ్సన్ కంపెనీలో ఇంజనీర్‌గా ఉన్న సేత్ లవర్ రెండు కాయిళ్లతో ఉపాయం కనిపెట్టి 1955లో పేటెంట్‌కి దరఖాస్తు చేశాడు. 1957 నుంచి లెస్ పాల్ గిటార్లకి అవి వచ్చాయి. పేటెంట్ చేతికొచ్చింది మాత్రం 1959లో. ఆ మధ్యకాలంలో పికప్ అడుగున 'పేటెంట్ అప్లైడ్ ఫర్' అని స్టిక్కర్ అంటించేవారు. పి.ఎ.ఎఫ్. అని ఇప్పటికీ అందరూ చెప్పుకునేది ఆ స్టిక్కర్ పేరే. దాదాపు అదే కాలంలో రే బట్స్ అనే ఆయన కూడా గ్రెచ్ గిటార్ల కోసం ఇదే సూత్రంతో ఫిల్టర్‌ట్రాన్ అనే పికప్ చేశాడు.

ఉపాయం చిన్న కూడికే. మొదటి కాయిల్‌లో తీగ శబ్దం +1, కరెంటు మోత +1 అనుకుందాం. రెండో కాయిల్‌కి అయస్కాంతం తిరగేసి పెడితే తీగ శబ్దం −1 అవుతుంది. కరెంటు మోతకి ఈ అయస్కాంతంతో సంబంధం లేదు, అది బయటి నుంచి వస్తోంది, కాబట్టి అది +1గానే ఉంటుంది. ఇప్పుడు ఈ రెండో కాయిల్ వైర్లు తారుమారు చేసి కలుపుతాం. తారుమారు చేస్తే రెండు గుర్తులూ మారతాయి. తీగ శబ్దం +1, మోత −1. మొదటి కాయిల్‌తో కలిపితే తీగ శబ్దం 2, మోత 0.

మన కుర్రాడి గిటార్‌లో ఆ తారుమారు జరగలేదు. అంటే తీగ శబ్దం 0, మోత 2. మోతని మింగాల్సిన పికప్ పాటని మింగి, మోతని రెట్టింపు చేస్తోంది. మరి ఆ పీల శబ్దమైనా ఎలా వచ్చింది? రెండు కాయిళ్లూ తీగ కింద ఒకే చోట లేవు, మధ్యలో సుమారు 2 సెంటీమీటర్ల దూరం ఉంది. బేస్ స్వరాలకి ఆ రెండు చోట్లా తీగ దాదాపు ఒకేలా కదులుతుంది, కాబట్టి అవి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. పైస్థాయి కంపనాలకి ఆ కాస్త దూరంలోనే తేడా వస్తుంది, కాబట్టి అవి కొంత మిగిలిపోతాయి. మనం విన్న రేకు డబ్బా శబ్దం ఆ మిగిలిందే.

పెట్టె మీది నంబర్

పికప్ కొనేటప్పుడు అందరూ చూసేది డీసీ రెసిస్టెన్స్. "8కె తీసుకోనా, 16కె తీసుకోనా?" అని అడుగుతారు. కె అంటే వెయ్యి ఓమ్స్. ఎక్కువ ఉంటే ఎక్కువ బలం అన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. ఆ నంబర్ చెప్పేది రాగి తీగ ఎంత పొడవుందో, ఎంత సన్నగా ఉందో, అంతే. పాత పి.ఎ.ఎఫ్. పికప్‌లలో 42 గేజ్ తీగ, ఒక్కో కాయిల్‌కి సుమారు 5,000 చుట్లు ఉండేవి. రెండూ కలిపి ఏడున్నర నుంచి 9కె దాకా చూపించేవి. అన్నే చుట్లు ఇంకా సన్నని 43 గేజ్‌తో చుడితే నంబర్ దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది, బలం మాత్రం పెరగదు. ఎండకి కూడా ఇది మారుతుంది. జనవరి తెల్లవారుజామున 20 డిగ్రీల చలిలో 8కె చూపించిన పికప్పే మే మధ్యాహ్నం 40 డిగ్రీల్లో 8.6కె చూపిస్తుంది. రాగి గుణం అది. అందుకని ఒకే తీగ, ఒకే రకం అయస్కాంతం ఉన్న రెండు పికప్‌లని పోల్చడానికి మాత్రమే ఈ నంబర్ పనికొస్తుంది.

అసలు చూడాల్సింది ఇండక్టెన్స్, హెన్రీలలో చెప్పే అంకె. కొన్ని కంపెనీలు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. అది ఎందుకు ముఖ్యమో చెప్పడానికి కాస్త లోపలికి వెళ్లాలి.

గిటార్ నుంచి యాంప్‌కి వెళ్లే కేబుల్ ఉత్త వైరు కాదు, అదొక చిన్న కెపాసిటర్ (విద్యుత్ ఆవేశాన్ని దాచుకునే భాగం) కూడా. మీటర్‌కి సుమారు 100 పికోఫారడ్లు. 6 మీటర్ల కేబుల్, దానికి తోడు పికప్ సొంత వైర్లు కలిపితే ఒక 700 పికోఫారడ్లు అనుకుందాం. కాయిల్, కెపాసిటర్ కలిస్తే ఉయ్యాల లాంటిది తయారవుతుంది. ప్రతి ఉయ్యాలకీ తనదైన ఊపు ఉంటుంది కదా, ఆ ఊపులో తోస్తేనే బాగా లేస్తుంది. అలాగే ఈ జంటకీ ఒక ఇష్టమైన ఫ్రీక్వెన్సీ ఉంటుంది. అక్కడ శబ్దం లేస్తుంది, అది దాటగానే ట్రెబుల్ జారిపోతుంది. నాలుగున్నర హెన్రీల మామూలు హమ్‌బకర్‌కి అది సుమారు 2,800 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. 8 హెన్రీల బలమైన పికప్‌కి 2,100 దగ్గరకి దిగిపోతుంది. రెండు హెన్రీల చిల్లర ఉండే సింగిల్ కాయిల్‌కి 4,000 దాకా వెళ్తుంది. 'వెచ్చగా ఉంది', 'మెరుపుగా ఉంది', 'మొత్తుకుంటోంది' అని మనం చెప్పుకునే తేడాల్లో చాలా భాగం ఈ ఊపు ఎక్కడ పడిందన్నదే.

అంటే పికప్ ఒక్కటే మనకి వినిపించదు. పికప్, వాల్యూమ్ కంట్రోల్, కేబుల్ మూడూ కలిసి ఒకటిగా వినిపిస్తాయి. 3 మీటర్ల కేబుల్‌తో విని కొన్న పికప్, 10 మీటర్ల కేబుల్‌తో స్టేజీ ఎక్కితే మొద్దుబారినట్టు ఉంటుంది. పికప్ మార్చాలనుకునే వాళ్లకి నేను ముందు చెప్పేది, ఒకసారి కేబుల్ మార్చి వినమని.

ఇంకొకటి, మన వైపు ఎక్కువగా చూసే పొరపాటు. చర్చిల్లో, చిన్న ఫంక్షన్లలో గిటార్‌ని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లోకి పెట్టేస్తారు. మామూలు లైన్ ఇన్‌పుట్ పికప్‌ని 10కె లాంటి బరువుతో లాగుతుంది. యాంప్ ఇన్‌పుట్ అయితే 10 లక్షల ఓమ్స్. ఆ 10కె బరువు కింద ఎంత మంచి పికప్ అయినా ప్రాణం లేనట్టే ఉంటుంది. మధ్యలో గిటార్ ప్రాసెసర్ గానీ, డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే పెట్టె) గానీ ఉండాలి. ఇది సరిచేసుకోకుండా పికప్ మీద వేలు పోస్తే డబ్బు బూడిదలో పోసినట్టే.

మరి ఏది కొనాలి

సినిమా పాటలు, చర్చి పాటలు, క్లీన్ కార్డులు, మధ్యలో ఒకటో రెండో లీడ్ బిట్లు. మన జిల్లాలో గిటార్ పట్టే చాలామంది పని ఇదే. దీనికి నా సలహా ఒక్కటే. తక్కువ బలం ఉన్న, 42 గేజ్ తీగతో ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర కె మధ్య ఉండే, ఆల్నికో అయస్కాంతం ఉన్న హమ్‌బకర్లు. డిస్టార్షన్ కావాలంటే పెడల్ ఉంది. పికప్ స్పష్టంగా ఉంటే పెడల్‌తో బలం తేవచ్చు, పికప్ మొద్దుగా ఉంటే ఏ పెడల్‌తోనూ స్పష్టత రాదు. మెటల్, హార్డ్ రాక్ వాయించే వాళ్ల సంగతి వేరు. వాళ్లకి బ్రిడ్జ్ దగ్గర డిమార్జియో సూపర్ డిస్టార్షన్ లాంటి సిరామిక్ పికప్‌లో, 16కె పైన చూపించే సీమోర్ డంకన్ జేబీ లాంటివో పనికొస్తాయి.

అయస్కాంతం గురించి జనం మాట్లాడినంత తేడా నాకు వినిపించలేదు. ఆల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం. ఆల్నికో 2 కాస్త మెత్తగా, ఆల్నికో 5 కాస్త గట్టిగా, సిరామిక్ బిగువుగా పలుకుతాయి. నా చెవికి మాత్రం చుట్ల తేడా ముందు అయస్కాంతం తేడా చిన్నదే.

బ్రిడ్జ్ దగ్గర తీగ తక్కువ ఊగుతుంది, నెక్ దగ్గర ఎక్కువ. అందుకే సెట్‌గా అమ్మే పికప్‌లలో బ్రిడ్జ్‌ది కాస్త ఎక్కువ చుట్లతో ఉంటుంది. విడివిడిగా కొనేవాళ్లు ఇది మరిచిపోయి నెక్ దగ్గర బలమైనది పెడతారు. ఆ తర్వాత స్విచ్ తిప్పినప్పుడల్లా వాల్యూమ్ ఎగుడుదిగుడవుతుంది.

కొలత కూడా చూసుకోవాలి. బ్రిడ్జ్ దగ్గర మొదటి తీగ నుంచి ఆరో తీగకి దూరం స్కేలు పెట్టి కొలవండి. 50 మిల్లీమీటర్ల లోపు ఉంటే మామూలు హమ్‌బకర్ సరిపోతుంది. ట్రెమొలో (తీగల బిగువు మార్చే చేతి కడ్డీ) ఉన్న గిటార్లలో 52, 53 ఉంటుంది, వాటికి ఎఫ్ స్పేస్ అనే వెడల్పు రకం అడగాలి.

కొనే ముందు ఇంకో పని. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, పికప్‌కీ తీగకీ మధ్య ఖాళీ చూడండి. నెక్ దగ్గర సుమారు రెండున్నర, బ్రిడ్జ్ దగ్గర ఒకటిన్నర మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, రెండు స్క్రూలూ అరచుట్టు అరచుట్టు తిప్పుతూ వినండి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగని లాగేసి నాదం తొందరగా ఆరిపోతుంది. 'బురదలా ఉంది, మార్చేయాలి' అని నా దగ్గరికి తెచ్చిన గిటార్లు ఈ రెండు స్క్రూలతోనే బాగుపడి తిరిగి వెళ్లినవి చాలా ఉన్నాయి.

ఈఎంజీ 81 లాంటి యాక్టివ్ పికప్‌ల దారి వేరు. లోపలే చిన్న యాంప్లిఫయర్, 9 వోల్టుల బ్యాటరీ, 25కె కంట్రోళ్లు ఉంటాయి. ఇక్కడ చెప్పే 500కె లెక్కలు వాటికి పనికిరావు.

500కె, 223

షాపులో 'వాల్యూమ్ కంట్రోల్' అని అడగండి, టీవీ విడిభాగాలు అమ్మేవాళ్లకి పాట్ అంటే ఒక్కోసారి తెలియదు. హమ్‌బకర్లకి 500కె, సింగిల్ కాయిల్‌కి 250కె. కంట్రోల్ విలువ తగ్గేకొద్దీ ఇందాక చెప్పిన ఉయ్యాలకి అడ్డంగా చెయ్యి పెట్టినట్టు అవుతుంది, ఆ ఊపు చదునైపోతుంది. హమ్‌బకర్‌లో ట్రెబుల్ ఎలాగూ తక్కువ, 250కె పెడితే ఉన్నది కూడా పోతుంది. చవక గిటార్లలో 250కె ఉండడం చూశాను. అది మార్చడానికి పికప్ ధరలో ఇరవయ్యో వంతు కూడా కాదు. మీద 500 అని రాసి ఉన్నా మల్టీమీటర్ పెట్టి కొలవండి. 420 చూపించేవీ ఉంటాయి, 540 చూపించేవీ ఉంటాయి. ఎక్కువ చూపించింది బ్రిడ్జ్‌కి వాడుకోవచ్చు.

వాల్యూమ్‌కి లాగ్ రకం, అంటే ఎ500కె అని ఉన్నది తీసుకోండి. బి అని ఉన్న లీనియర్ రకంలో 10 నుంచి 3 దాకా పెద్దగా మార్పు వినిపించదు, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. మన చెవి వినే తీరుకి లాగ్ సరిపోతుంది.

టోన్‌కి 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్, మీద 223 అని ఉంటుంది. పాత మెకానిక్‌లు కండెన్సర్ అంటారు. సింగిల్ కాయిల్‌కి వాడే 473 పెడితే టోన్ తిప్పగానే మొత్తం మూసుకుపోతుంది. ఖరీదైన నూనె కాగితపు కెపాసిటర్ల గురించి చాలా ప్రచారం ఉంది. విలువ ఒకటే అయితే రెండు రూపాయల దానికీ, దానికీ తేడా నాకు వినపడలేదు.

ఈ కెపాసిటర్‌ని వాల్యూమ్ కంట్రోల్ ఏ కాలికి కలపాలన్నది మాత్రం రుచిని బట్టి. పికప్ వైరు వచ్చే కాలికి కలిపితే ఇప్పటి పద్ధతి. బయటికి వెళ్లే మధ్య కాలికి కలిపితే 1950ల పద్ధతి. ఈ పాత పద్ధతిలో వాల్యూమ్ 7కి తగ్గించినా మెరుపు పోదు. గాయకుడు పాడేటప్పుడు తగ్గించి, లీడ్‌కి పెంచే మన ఆర్కెస్ట్రా వాయింపుకి నేను ఇదే వేస్తాను.

రంగులు కాదు, మీటర్

ఇక వైరింగ్. ఇప్పటి హమ్‌బకర్ నుంచి నాలుగు రంగుల వైర్లు, ఒక తొడుగు లేని వైరు వస్తాయి. ఒక్కో కాయిల్‌కి రెండు కొసలు, తొడుగు లేనిది గ్రౌండ్‌కి. శబ్దాన్ని బయటికి తీసుకెళ్లే వైరు హాట్, అన్నీ తిరిగొచ్చి కలిసే ఉమ్మడి వైరు గ్రౌండ్. సీమోర్ డంకన్ వాళ్లది నలుపు హాట్, తెలుపు ఎరుపు కలిపి చుట్టేయాలి, ఆకుపచ్చ గ్రౌండ్‌కి. డిమార్జియో వాళ్లది ఎరుపు హాట్, నలుపు తెలుపు కలపాలి, ఆకుపచ్చ గ్రౌండ్‌కి. రెండింటిలోనూ అవే నాలుగు రంగులు, అర్థాలే వేరు. డంకన్ చార్ట్ చూసి డిమార్జియో పికప్ కలిపితే సరిగ్గా ఒక కాయిల్ తిరగబడుతుంది. కుర్రాడికి జరిగింది ఇలాంటిదే. ఇక పేరులేని పికప్‌ల రంగులకి ఏ చార్టూ ఉండదు. అందుకే రంగులు నమ్మకుండా కొలిచి తెలుసుకోవడం నేర్చుకోవాలి. అయిదు నిమిషాల పని.

అతని పికప్‌ని విప్పి బల్ల మీద పెట్టుకున్నాం. నాలుగు వైర్లూ విడదీశాం. మీటర్ 20కె రేంజిలో పెట్టి, జతలు వెతకమన్నాను. నలుపుకీ ఎరుపుకీ మధ్య 4కె, తెలుపుకీ ఆకుపచ్చకీ మధ్య 4కె, మిగతా ఏ రెండింటి మధ్యా ఏమీ లేదు. రెండు కాయిళ్లూ దొరికాయి, రెండూ బతికే ఉన్నాయి.

తర్వాత మొదటి కాయిల్‌కి మీటర్ కొసలు తగిలించి ఉంచి, స్క్రూడ్రైవర్ మొనని ఆ కాయిల్ స్క్రూల మీద ఆనించి, చటుక్కున పైకి లాగమన్నాను. మీటర్ అంకె ఒక్క క్షణం గంతేసి మళ్లీ 4 దగ్గరికి వచ్చింది. పైకి గంతేసిందా, కిందకా అన్నది చూడాలి. రెండు మూడుసార్లు చేస్తే తెలిసిపోతుంది. పైకి గంతేసేలా మీటర్ కొసలు మార్చుకుని, అప్పుడు మీటర్ ఎర్ర కొస ఏ వైరు మీద ఉందో దానికి చిన్న కాగితం చుట్టాం. రెండో కాయిల్‌కీ అంతే. ఆనించడం కాదు, రెండుసార్లూ లాగడమే చూడాలి, లేకపోతే లెక్క తారుమారవుతుంది.

ఇప్పుడు కాగితం చుట్టిన వైర్లు రెండు, చుట్టనివి రెండు. మొదటి కాయిల్ కాగితం వైరు హాట్. దాని రెండో కొసని, రెండో కాయిల్ కాగితం వైరుతో కలపాలి. రెండో కాయిల్ మిగిలిన కొస గ్రౌండ్‌కి. ఇలా కలిపితే తీగ శబ్దాలు కూడుకుంటాయి. అయస్కాంత ధ్రువాలు ఎలాగూ ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి, తీగ శబ్దం కూడుకుందంటే మోత దానంతటదే కొట్టుకుపోతుంది. దానికి వేరే పరీక్ష అక్కర్లేదు.

ఇదే పరీక్ష రెండో పికప్‌కీ చేయాలి. రెండు పికప్‌ల హాట్ వైర్లూ ఒకేవైపు గంతేస్తేనే స్విచ్ మధ్యలో పెట్టినప్పుడు నిండుగా వినిపిస్తుంది. ఎదురెదురైతే విడివిడిగా రెండూ బాగుండి, కలిపినప్పుడు మాత్రం ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది. అప్పుడు ఒక పికప్ హాట్, గ్రౌండ్ వైర్లు రెండూ అటూ ఇటూ మారిస్తే చాలు. తొడుగు లేని వైరు మాత్రం గ్రౌండ్ మీద నుంచి కదపకూడదు. పాత పద్ధతిలో అల్లిక వైరు ఒక్కటే వచ్చే పికప్‌లకి ఈ మార్పిడి కుదరదు. ఆ అల్లికే గ్రౌండ్, అదే పై రేకుకి కూడా తగిలి ఉంటుంది. దాన్ని హాట్ చేస్తే పికప్ మొత్తం మోతని లాగుతుంది. వాటికి అడుగు స్క్రూలు వదులు చేసి, అయస్కాంతం పట్టీని బయటికి లాగి తిరగేసి పెట్టడమే దారి.

కంట్రోల్ మూడు కాళ్లలో ఏది గ్రౌండ్ అన్న అనుమానం కూడా మీటరే తీరుస్తుంది. నాబ్ సున్నాకి తిప్పండి. మధ్య కాలికీ, పక్క కాళ్లలో దేనికీ మధ్య సున్నా ఓమ్స్ చూపిస్తుందో అది గ్రౌండ్ కాలు. దాన్ని కంట్రోల్ వీపుకి సోల్డర్ చేయాలి. రెండో పక్క కాలు పికప్‌కి, మధ్యది స్విచ్ మీదుగా జాక్‌కి.

సోల్డరింగ్‌లో అందరూ ఇబ్బంది పడేది ఈ వీపు దగ్గరే. 25 వాట్ల ఐరన్ కాళ్లకి సరిపోతుంది, వీపుకి చాలదు. చాలక నిమిషం సేపు అదిమి ఉంచితే లోపలి ట్రాక్ కాలిపోతుంది. వీపుని గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, 50, 60 వాట్ల ఐరన్‌తో మూడు నాలుగు సెకన్లలో ముగించాలి. సోల్డర్ ముద్దగా నిలబడకుండా పరుచుకుంటే పట్టినట్టు. కలిపిన రెండు వైర్ల మీద ఇన్సులేషన్ టేపు చుట్టకండి, మన ఎండలకి ఆ జిగురు కారి ఊడిపోతుంది. వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగి వేడి చేయండి.

నాలుగు వైర్లతో మూడు గొంతులు

నాలుగు వైర్లు ఉన్నాయి కాబట్టి ఇంకో సౌకర్యం ఉంది. పుష్‌పుల్ కంట్రోల్ (నాబ్ పైకి లాగితే స్విచ్‌లా పనిచేసేది) వేసి, కలిపిన జత వైర్లని దాని ద్వారా గ్రౌండ్‌కి పంపితే ఒక కాయిల్ ఆగిపోతుంది, హాట్ వైపున్నది మాత్రమే పలుకుతుంది. దీన్ని స్ప్లిట్ అంటారు. సింగిల్ కాయిల్ లాంటి పల్చదనం వస్తుంది, దాంతోపాటు మోతా తిరిగొస్తుంది. నాకు నచ్చేది ప్యారలల్. రెండు కాయిళ్లనీ వరసగా కాకుండా పక్కపక్కన కలపడం. 8కె పికప్ 2కె చూపిస్తుంది, ఇండక్టెన్స్ కూడా నాలుగో వంతు అవుతుంది. శబ్దం స్వచ్ఛంగా, కాస్త చిన్నగా వస్తుంది, మోత మాత్రం రాదు. స్టేజీ మీద పనికొచ్చేది ఇదే. అందరూ స్ప్లిట్ స్ప్లిట్ అంటారు గానీ, జనరేటర్ పక్కన నిలబడి వాయించేవాడికి ప్యారలల్ చాలా మేలు.

హమ్‌బకర్ ఆపలేని మోత

అన్నీ సరిగ్గా కలిపినా 'జుయ్' మనే సన్నని రొద మిగలొచ్చు. అది అయస్కాంత క్షేత్రం నుంచి వచ్చేది కాదు, గాలిలో ఉన్న విద్యుత్ క్షేత్రం నుంచి వైర్లు పట్టుకునేది. రెండు కాయిళ్ల ఉపాయం దాని మీద పెద్దగా పనిచేయదు. కంట్రోళ్లున్న గుంత అంతా రాగి రేకు అంటించి, దాన్ని గ్రౌండ్‌కి కలపాలి. బ్రిడ్జ్‌కి వెళ్లే గ్రౌండ్ వైరు ఉందో లేదో కూడా చూడాలి. తీగలు ముట్టుకోగానే రొద తగ్గితే ఆ వైరు ఉన్నట్టు, తన పని చేస్తున్నట్టు. ముట్టుకోగానే పెరిగితే జాక్ దగ్గర హాట్, గ్రౌండ్ తారుమారైనట్టు. భోగాపురం, కళింగపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో జాక్ ఉప్పుగాలికి తుప్పు పట్టి కరకరలాడుతుంది. దానికి కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే చాలు.

తీగలు గ్రౌండ్‌కి కలిసి ఉన్నాయంటే, యాంప్ ఎర్త్‌తోనూ కలిసి ఉన్నట్టే. ఎర్త్ లేని టెంపరరీ కనెక్షన్ మీద యాంప్ ఒక బోర్డు నుంచి, మైకు సెట్ ఇంకో బోర్డు నుంచి తీస్తే, చెయ్యి తీగల మీద ఉండగా పెదవి మైకుకి తగిలినప్పుడు షాక్ కొడుతుంది. జివ్వుమని వదిలేసేదైతే అదృష్టం, ప్రాణం తీసేది కూడా కావచ్చు. స్టేజీ ఎక్కగానే మీటర్ ఏసీలో పెద్ద రేంజికి పెట్టి, ఒక కొస గిటార్ తీగకీ ఇంకో కొస మైకు జాలీకీ ఆనించండి. పదుల వోల్టులు చూపిస్తే ఎర్త్ సరిచేసేదాకా వాయించకండి. మోత తగ్గుతుందని ప్లగ్ ఎర్త్ పిన్ను విరిచే అలవాటు ఎవరికున్నా మాన్పించండి. ఎంత మోతైనా భరించొచ్చు, ఆ పని మాత్రం వద్దు.

కుర్రాడి గిటార్ ఆ సాయంత్రమే మూసేశాం. మూసే ముందు ప్లగ్ పెట్టి, స్క్రూడ్రైవర్‌తో ఒక్కో కాయిల్‌నీ తట్టి రెండూ పలుకుతున్నాయని చూసుకున్నాం. నాలుగు వైర్లలో రెండింటి చోటు మారింది, అంతే. పైడితల్లమ్మ పండగ రోజుల్లో ఒక స్టేజీ మీద వాయిస్తున్నాడని తెలిసి వెళ్లి వెనక నిలబడ్డాను. జనరేటర్ పది గజాల దూరంలో ఉంది, నెత్తిన సీరియల్ సెట్లు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. మునుపు పాటకీ పాటకీ మధ్య అతని చెయ్యి వాల్యూమ్ నాబ్ మీదకి పోయేది. ఆ రాత్రి పాట అయ్యాక చెయ్యి తీగల మీదే ఉంచి, తర్వాతి పాటకి శృతి చూసుకుంటున్నాడు.